పాద్రిగ్ పండుగ: ఐరిషుల వారసత్వాభిమానమును గూర్చి భాషాదృష్టితో కొంత విచారము

ప్రతి సంవత్సరము మార్చి 17వ తేదీన ఐర్లండు దేశమునందును, ఆ దేశీయులు వలసపోయి స్థిరపడిన అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు మున్నగు దేశములందును సెయింటు పాట్రిక్కు పండుగ జరుగుచుండును. ఆనాడు జనులు పచ్చని వస్త్రములు ధరించి, షామ్రాక్ అను మూడాకుల మొక్కను రొమ్మున నలంకరించుకొని, వాద్యములతో ఊరేగుదురు. చికాగో నగరమున 1962 నుండి నదీజలమునకు సైతము ఆకుపచ్చ రంగు కలుపు ఆచార మేర్పడినది. ఐర్లండు ద్వీపమంతటి జనసంఖ్య సుమారు 70 లక్షలు. అమెరికా సంయుక్తరాష్ట్రములందు తాము ఐరిషు వంశీయులమని జనగణనాధికారులకు చెప్పుకొనువారు 3 కోట్లకు మించియున్నారు. మూలదేశముకంటె శాఖలే విస్తారముగా నున్న యిట్టి జాతులు లోకమున అరుదు.

ఈ కోట్లాది జనులలో అత్యధికులకు ఐరిషు భాష రాదు. వారి తాతముత్తాతలలోనే అది నిలిచిపోయినది. అయినను ఆ దినమున వారు వెల్లడించు అభిమానము కృత్రిమమని చెప్ప వీలులేదు. మరి ఆ అభిమానము దేనిపై నిలిచియున్నది? భాష జారిపోయిన పిదప వారసత్వమను మాటకు మిగులు అర్థమేమి? ఏడాది కొకమారు వచ్చు పండుగ భాషకు బదులు కాగలదా, లేక భాషకు ద్వారము కాగలదా? భారతీయ భాషల నభ్యసించు మనకు ఈ ప్రశ్నలు పరాయివి కావు. కావున ఈ పండుగ చరిత్రను, దాని నామమును, చిహ్నములను, భాషతో దానికి గల సంబంధమును సంగ్రహముగా పరిశీలింతము.

1. పాట్రిక్కు వృత్తాంతము

ఐర్లండు జాతీయ పురుషుడుగా పూజింపబడు పాట్రిక్కు ఐర్లండున జన్మించినవాడు కాడు. ఇది మొదట గమనింపదగిన విషయము. ఆయన క్రీస్తుశకము అయిదవ శతాబ్దివాడు; రోమను నాగరకత వ్యాపించిన బ్రిటనున జన్మించెను. తండ్రి కల్పోర్నియసు క్రైస్తవ దేవాలయ పరిచారకుడు. తాత పోటిటసు పురోహితుడు. పదునారేండ్ల ప్రాయమున పాట్రిక్కును సముద్రపు దొంగలు చెరపట్టి ఐర్లండునకు గొనిపోయిరి. అచ్చట ఆయన ఆరేండ్లు బానిసగా పశువులను మేపెను. పిదప తప్పించుకొని స్వదేశము చేరి, మతాధికారియై, తన్ను బానిసగా నుంచుకొనిన దేశమునకే బోధకుడుగా మరలివచ్చెను.

ఈ వివరములు ఆయన స్వయముగా లాటినున వ్రాసిన ఆత్మనివేదనమువలన తెలియుచున్నవి. ఇదికాక, తన శిష్యులను చెరపట్టిన కొరోటికసు అను దొర సైనికులను నిందించుచు వ్రాసిన లేఖ యొకటి కలదు. ఈ రెండును నిస్సంశయముగా ఆయన రచనలే. ఆయన సర్పములను దేశమునుండి వెడలగొట్టెననునది మాత్రము తరువాతి కల్పన. హిమయుగానంతరము ఐర్లండు ప్రధాన భూభాగమునుండి విడిపోవుటచే పాములక్కడికి చేరనే లేదు. మూడవ శతాబ్దిని సొలినసు అను లాటిను రచయిత ఆ ద్వీపమున పాములు లేవని పాట్రిక్కునకు పూర్వమే వ్రాసియుండెను.

2. నామవిచారము

పాట్రిక్కు లాటిను నామము పాత్రీకియుస్. నేటి ఐరిషున అది పాద్రిగ్. ఈ రెంటికి నడుమ కోథ్రిగె అను వేరొక రూపము ప్రాచీన గ్రంథములందు కన్పట్టును. ఇది పాత్రీకియుస్ అను దానికే తొలినాటి వికృతియని పలువురు పండితులు చెప్పిరి. అది వేరు తెగపేరో స్థలనామమో కావచ్చునని తలచినవారును కలరు. మొదటి మతమును సమర్థించు ధ్వనిసూత్రము మాత్రము సుప్రసిద్ధము.

కెల్టిక్ భాషాకుటుంబమున మూలభాషలోని పకారము పదాదిని లోపించెను. సంస్కృతమున పితృ, లాటినున పాతెర్ కాగా ఐరిషున అథిర్ అయినది. సంస్కృత పూర్ణ శబ్దమునకు సజాతీయము ఐరిషు లాన్. లాటినున చేపకు పేరైన పిస్కిస్ అను పదమునకు ఐరిషు సజాతీయము ఈయస్క్. ఇట్లు పకారమే యెరుగని భాషలోనికి క్రైస్తవముతో లాటిను పదములు వచ్చినపుడు, వక్తలు పకారమునకు బదులు తమకు సన్నిహితమైన కంఠ్యధ్వనిని పలికిరి. పాస్ఖ అను పండుగపేరు కాష్క్ అయినది. ఊదారంగునకు పేరైన పుర్పుర కోర్కుర్ అయినది. కొంతకాలమునకు ఎరవుమాటల ప్రాబల్యముచే పకారము ఐరిషున స్థిరపడగా, అటుపిమ్మట వచ్చిన పదములు పకారముతోనే నిలిచినవి. పాద్రిగ్ అట్టిది.

తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న కోథ్రిగె తద్భవము వంటిది. పాద్రిగ్ తత్సమమునకు చేరువైనది. యాత్రా శబ్దము తెలుగున జాతర యను తద్భవముగాను, యాత్ర యను తత్సమముగాను రెండు కాలముల ముద్రలతో నిలిచియున్నట్లే యిదియు నున్నది.

పండుగపేరు సైతము పరిశీలింపదగినది. ఐరిషున దీనిని లా ఏల్యె పాద్రిగ్ అందురు. లా అనగా దినము. ఏల్యె అనునది ఫేల్యె అను పదమునకు ఆదేశరూపము. ఫేల్యె అనగా పండుగ. ఇది జాగరణార్థకమగు లాటిను విగిలియా శబ్దమునుండి పుట్టినది. వాక్యమున ముందున్న పదముతో గల సంబంధముచే ఇచ్చట ఆదిఫకారము లోపించినది. పూర్వపద ప్రభావముచే పరపదాదిని వర్ణము మారుట ఐరిషునకు ముఖ్యలక్షణము. వాడు పోయెను అనునది వాడు వోయెను అగునట్టి గసడదవాదేశమును చిన్నతనముననే నేర్చిన తెలుగు విద్యార్థికి ఈ వ్యవస్థ వింతగా తోపదు. రెండు భాషలకును బంధుత్వము లేదు. సంధికార్యము వ్యాకరణకార్యముగా పరిణమించుటయే ఉభయత్ర సామాన్యము.

3. చిహ్నముల పుట్టుక

షామ్రాక్ అను మాట ఐరిషులోని షామ్‌రోగ్ అను పదమునకు ఆంగ్లరూపము. షామర్ అనగా మూడాకుల పచ్చిక. దానిపై రోగ్ అని వినబడు భాగమున ఓగ్ అనునది అల్పార్థక ప్రత్యయము. పాట్రిక్కు ఈ ఆకును చూపి క్రైస్తవ త్రిమూర్తితత్త్వమును బోధించెనను కథ మిక్కిలి ప్రసిద్ధమైనను ఆయన రచనలలో లేదు. పండుగనాడు జనులు ఈ ఆకును ధరించుటను 1681లో థామస్ డైన్లీ అను యాత్రికుడు వ్రాసియుంచెను. త్రిమూర్తికథ 1726లో కేలెబ్ థ్రెల్కెల్డు రచించిన ఓషధిగ్రంథమున కన్పట్టును.

రంగు సంగతియు నిట్టిదే. 1783లో బ్రిటిషు రాజు మూడవ జార్జి పాట్రిక్కు పేర నొక బిరుదును నెలకొల్పినపుడు దానికి నిర్ణయింపబడినది నీలవర్ణము. ఆకుపచ్చ రంగు 1790 ప్రాంతమున ఐక్య ఐరిషు సంఘము వారి తిరుగుబాటుతో జాతీయవర్ణమై, నీలమును వెనుకకు నెట్టినది. అటుపిమ్మట రాజ్యమే ఆ చిహ్నమును చేపట్టినది: దక్షిణాఫ్రికా యుద్ధమున ఐరిషు దళములు చూపిన పరాక్రమమునకు గుర్తుగా, పండుగనాడు షామ్రాకును ధరించుటకు విక్టోరియా రాణి 1900లో వారి కనుమతి నొసగెను. ఒకే ఆకు తిరుగుబాటుదారునకును, సామ్రాజ్య సైనికునకును గర్వకారణమైనది.

ఊరేగింపు పుట్టినది సైతము విదేశముననే. స్పానిషు వారి యధీనముననున్న ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పట్టణమున 1601లో పాట్రిక్కు పేర ఊరేగింపు జరిగినట్లు అచ్చటి లెక్కల పత్రములు తెలుపుచున్నవి. బోస్టనున 1737 మార్చి 17న ఐరిషు ధర్మసంఘమును స్థాపించినవారు కాథలికులు కారు, ప్రొటెస్టంటులు. న్యూయార్కున 1762లో ఊరేగినవారు బ్రిటిషు సేనలోని ఐరిషు సైనికులు. ఐర్లండున మాత్రము ఈ దినము చిరకాలము దేవాలయమునకును, ఇంటిభోజనమునకును పరిమితమైన మతదినముగానే యుండెను.

4. భాష తొలగిన విధము

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఐర్లండున లక్షలాది జనులకు ఐరిషే ఇంటిభాష. 1831లో ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ పాఠశాలలందు బోధన ఆంగ్లమున జరిగెను. భారతదేశమున మెకాలే నివేదిక వెలువడినది ఆ తరువాత నాలుగేండ్లకు, 1835లో. ఐర్లండు పాఠశాలలందు ఐరిషును అదనపు విషయముగా నేర్పుటకైన అనుమతి 1879 వరకు లభింపలేదు. ఐరిషు మాటాడిన బిడ్డ మెడలోని కర్రపై గాటు పెట్టి, సాయంకాలము గాట్లను లెక్కించి దండించు ఆచారమును అనేక ప్రాంతములవారు జ్ఞాపకముంచుకొనిరి. ఈ పనిలో ఉపాధ్యాయులతోపాటు తల్లిదండ్రులును పాల్గొనిరనుటయే శోచనీయము. ఐరిషు మాటాడు కుటుంబమున బుట్టిన జననాయకుడు డానియేల్ ఓకానెల్ సైతము, లోకవ్యవహారమునకు ఆంగ్లమే ఎక్కువ ప్రయోజనకారియని తలచెను.

ఇంతలో 1845 నుండి కొన్నియేండ్లు బంగాళాదుంప తెగులుచే మహాక్షామము సంభవించెను. సుమారు పది లక్షలమంది మరణించిరి. మరి పది లక్షలమంది దేశము విడిచిరి. ఐరిషు మాటాడు నిరుపేదలు అధికముగా నున్న పడమటి మండలములకే పెద్ద దెబ్బ తగిలెను. 1851 జనగణనమున ఐరిషు తెలిసినవారు సుమారు 15 లక్షలు. 1901 నాటికి వారు సుమారు 6 లక్షల 41 వేలకు తగ్గిరి. వలసపోవువానికి ఆంగ్లము జీవనాధారము కాగా, బిడ్డ వలసపోవునని ముందే యెరిగిన తల్లి తన భాషను వానికి చెప్పక దాచినది. ఐరిషు నష్టమునకు రాజశాసనమెంత కారణమో ఈ మౌనమును అంత కారణము.

5. అవమానము గర్వముగా మారుట

అమెరికాకు చేరిన వలసవారికి స్వాగతము లభింపలేదు. 1844లో ఫిలడెల్ఫియా నగరమున కాథలికు వలసవారిపై దొమ్మీలు చెలరేగి దేవాలయములు దగ్ధమయ్యెను. 1850 తరువాత వలసవిరోధులు రాజకీయపక్షముగానే యేర్పడిరి. పాద్రిగ్ అను పవిత్రనామమునకు ముద్దుపేరైన పాడీ అనునది తిట్టుమాటయైనది. పండుగనాడు గడ్డిబొమ్మను చేసి పాడీయని పేరిడి వ్రేలాడగట్టి పరిహసించుటయు కలదు.

మార్చి 17 ఊరేగింపుల విజృంభణమును ఈ నేపథ్యమున అర్థము చేసికొనవలెను. పేరు అవమానింపబడిన దినముననే ఆ పేరుతో వేలాది జనులు వీధిని నిండించి నడచిరి. అది వినోదముకంటె ముందు సంఖ్యాబల ప్రదర్శనము. మేమును పౌరులమే యను ప్రకటనము. ఓట్లును, పురపాలకోద్యోగములును, పాఠశాలలును, దేవాలయములును ఈ బలము ననుసరించియే వారికి లభించినవి. కాని ఆ ప్రకటనము ఆంగ్లముననే జరిగెను. భాషను విడిచినవారు ఆకును, రంగును, పాటను, ఇంటిపేరును పట్టుకొనిరి. ఇవి ఒక్కదినమున ధరింప వీలైనవి. పిల్లలకు ప్రయాసము లేక ఇయ్య వీలైనవి.

6. స్వదేశమున పండుగయు, భాషోద్యమమును

స్వదేశమున ఈ దినమును భాషతో ముడివేసినది గేలిక్ లీగు. 1892లో డగ్లస్ హైడ్ ఐర్లండును ఆంగ్లానుకరణమునుండి విడిపించుటయొక్క ఆవశ్యకతను గూర్చి ఉపన్యసించెను. మరుసటి యేడు జులై 31న ఆ సంస్థ డబ్లిన్ నగరమున స్థాపితమయ్యెను. హైడ్ ప్రొటెస్టంటు మతాచార్యుని కుమారుడు. ఐరిషు ఆయన మాతృభాష కాదు, ఇరుగుపొరుగు పేదలవద్ద నేర్చినది. ఆయన 1938లో ఐర్లండు ప్రథమ రాష్ట్రపతి యయ్యెను.

గేలిక్ లీగు ఈ పండుగను జాతీయ దినముగా పాటింపవలెననియు, ఆనాడు మద్యశాలలను మూసియుంచవలెననియు ప్రచారము చేసెను. జేమ్స్ ఓమారా యను ప్రతినిధి ప్రవేశపెట్టిన బిల్లు 1903లో శాసనమై, మార్చి 17 సెలవుదినమయ్యెను. స్వతంత్ర రాజ్యము 1927 శాసనముచే ఆనాడు మద్యశాలలను మూయించినది. ఈ నిషేధము 1960 ప్రాంతము వరకు సాగెను. 1931లో డబ్లినున ప్రభుత్వపక్షమున ఊరేగింపు జరిగెను. నేడు పలుదేశముల సందర్శకుల నాకర్షించు బహుదిన మహోత్సవము 1996లో ప్రారంభమైనది. అమెరికాలో పెరిగిన రూపమే స్వదేశమునకు మరలివచ్చినదనుట సత్యదూరము కాదు.

అయినను లీగువారు నాటిన బీజ మొకటి నిలిచినది. వారు ఆ కాలముననే ఆరంభించిన ఐరిషు భాషావారము నేడు మార్చి 1 నుండి పండుగదినము వరకు సాగుచు, పాఠశాలలందును, గ్రంథాలయములందును ఉన్న కొద్ది ఐరిషునైనను మాటాడుమని జనులను ప్రోత్సహించుచున్నది.

1937 రాజ్యాంగము ఐరిషును జాతీయభాషగాను, ప్రథమ అధికారభాషగాను ప్రకటించెను. 2007లో అది యూరోపియను కూటమి అధికారభాషలలో చేరెను. 2022 జనవరి 1 నుండి సంపూర్ణ ప్రతిపత్తి లభించెను. కాని 2022 జనగణనము చూపినది వేరొక చిత్రము. ఐరిషు మాటాడగలమని చెప్పినవారు 18,73,997. విద్యాలయములకు వెలుపల ప్రతిదినము మాటాడువారు 71,968. అనగా చెప్పుకొన్నవారిలో నూటికి నలుగురైనను లేరు. ఈ రెండు సంఖ్యల నడిమి అంతరము ఈ వ్యాసమునకు కేంద్రబిందువు. చెప్పుకొన్నవారు అసత్యమాడిరని తలపరాదు. తాము పలుకజాలని భాషను తమదిగా చెప్పుకొనుట ఒక కోరికకు రూపము. ఆ కోరికను నిలుపుటయే పండుగ చేయగల పని. కోరికను పలుకుగా మార్చుట పండుగకు శక్యము కాదు.

7. వారసత్వమున కెవరు హక్కుదారులు?

కరీబియను సముద్రమున మోన్‌సెరాట్ అను చిన్న ద్వీపము కలదు. పదునేడవ శతాబ్దిని అచ్చట స్థిరపడిన తెల్లవారిలో అధికులు ఐరిషులు. వారిలో కొందరు నౌకరులు, మరికొందరు ఆఫ్రికను బానిసలకు యజమానులు. 1768 మార్చి 17న యజమానులు పాట్రిక్కు పండుగ విందులో మునిగియుండగా తిరుగుబాటు చేయవలెనని బానిసలు పన్నుకొనిరి. కుట్ర బయల్పడి నాయకులు ఉరితీయబడిరి. 1985 నుండి ఆ దినము ఆ ద్వీపమున సెలవుదినము. అచ్చట షామ్రాకును, ఐరిషు ఇంటిపేళ్లను ధరించి నృత్యము చేయు నల్లజాతివారు ఏకకాలమున రెండు వారసత్వములను స్మరించుచున్నారు: ఒకటి యజమానుని పేరు, రెండవది ఆ యజమానుని ధిక్కరించిన పూర్వుని ప్రాణత్యాగము. బానిసగా చెరపట్టబడిన పాట్రిక్కు పండుగకు ఇంతకంటె తగిన వ్యాఖ్యానము కలదా?

అమెరికాలోను ఈ ప్రశ్న లేచినది. స్వలింగప్రియులగు ఐరిషు వంశీయులు తమ సంఘనామముతో ఊరేగింపున చేరగోరగా నిర్వాహకులు నిరాకరించిరి. బోస్టను నిర్వాహకులకు ఆ హక్కు కలదని 1995లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. రెండు దశాబ్దములకు బోస్టను, న్యూయార్కు నగరముల ఊరేగింపులలో వారికి చోటు దొరకెను. అవమానమునకు ప్రత్యుత్తరముగా పుట్టిన ఉత్సవము మరొకరిని అవమానించు ప్రమాదము ఎల్లప్పుడును కలదని దీనివలన గ్రహింపవలెను.

8. భారతదేశముతో సంబంధము

పాట్రిక్కు చరిత్రకు ముఖ్యాధారమైన మధ్యయుగపు ఐరిషు గ్రంథమును 1887లో పరిష్కరించి ప్రచురించినవాడు విట్లీ స్టోక్స్. డబ్లినున జన్మించిన ఈయన 1862లో మద్రాసునకు వచ్చి, న్యాయశాఖలో పనిచేసి, రాజప్రతినిధి సభలో న్యాయసభ్యుడై, భారతదేశ శాసనసంహితలను కూర్చెను. పగలు మన శాసనములు, తీరికవేళ ప్రాచీన ఐరిషు నిఘంటువులు ఆయనకు పని. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో వెలువరించిన కాల్డ్వెల్ స్కాటిషు తలిదండ్రులకు ఐర్లండున జన్మించినవాడు. భారతీయ భాషాపరిశీలనమును నిర్వహించిన గ్రియర్సన్ డబ్లిన్ సమీపమున జన్మించినవాడు. తమ జన్మభూమి భాష పల్లెలలో నశించుచున్న కాలమున వీరు మన పల్లెభాషలను లెక్కించిరి.

తెలుగునాటికి సంబంధించిన ఐరిషులును కలరు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడైన జేమ్స్ కజిన్స్ కవి. ఐరిషు సాహిత్య పునరుజ్జీవనమునుండి వచ్చినవాడు. ఆయన భార్య మార్గరెట్ 1919లో రవీంద్రుడు అచ్చటికి వచ్చినపుడు జనగణమన గీతమునకు స్వరలేఖనము చేసెను. అటునుండి ఇటువలెనే, ఇటునుండి అటు పోయి 1913 నుండి 1916 వరకు డబ్లినున న్యాయశాస్త్రమును చదివి, ఆ దేశ స్వాతంత్ర్యోద్యమముచే ప్రభావితుడైనవాడు వరాహగిరి వేంకటగిరి.

9. ఉపసంహారము

పైవిచారమువలన తేలినది సంగ్రహముగా నిది. ఐరిషులు గర్వించు పండుగలో నాయకుడు పరదేశమున పుట్టినవాడు. పండుగపేరున లాటిను కలదు. ఊరేగింపు వలసదేశమున పెరిగినది. పచ్చరంగు నీలమును తొలగించి వచ్చినది. ఇందువలన ఆ గర్వము అసత్యము కాదు. వారసత్వము భూమిలో దొరకు నిధి వంటిది కాదు, ప్రతి తరమువారు ఎంచి చేపట్టునట్టిదియని మాత్రమే తెలియుచున్నది. ఎంచునపుడు సులభమైనవి ముందు నిలుచును, కష్టమైనది వెనుకబడును. భాషయే కష్టమైనది.

మారిషసు ద్వీపమున తెలుగువారి ఉగాది ప్రభుత్వ సెలవుదినము. పందొమ్మిదవ శతాబ్దిని కూలికి పోయినవారి సంతతి అచ్చట దానిని శ్రద్ధతో చేయుచున్నారు. ఇంటిలో మాత్రము వారిలో పెక్కురకు క్రియోలు భాషయే వాడుక. మార్చి 17ను పరిశీలించిన వానికి ఆ దృశ్యము పరిచితముగానే కన్పట్టును. అట్టివారిని చూచి భాష మరచిరని నిందించుట తగదు. పండుగ చేసికొనుచున్నారు గదా యని తృప్తిపడుటయు తగదు. పండుగ ఆరకుండ కాపాడిన నిప్పు ఏదో ఒకనాడు పొయ్యిలోనికి రావలెను. దానికి పాఠశాల కావలెను, పుస్తకము కావలెను. అన్నిటికంటె ముందు, బిడ్డ వలసపోవునని యెరిగియు వానితో తన భాషలోనే మాటాడు తల్లి కావలెను.